బ్యాగు ఆలస్యమైందా? ముందు తేదీలు లెక్కపెట్టండి

దేవరకొండ నుంచి ఒక టీచర్ అడిగారు: "సార్, వేసవి సెలవుల్లో భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మతో కలిసి మే 11న శంషాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా శ్రీనగర్ వెళ్లాం. స్వెట్టర్లు, అమ్మ బీపీ మాత్రలు అన్నీ ఉన్న పెద్ద సూట్‌కేసు రాలేదు. చలికి పిల్లలు వణికిపోయారు, అమ్మ ఏడ్చేసింది. 14న హోటల్‌కు తెచ్చిచ్చారు, చూస్తే ఒక చక్రం విరిగి ఉంది. కస్టమర్ కేర్‌కు ఎన్నిసార్లు ఫోన్ చేసినా చూస్తాం అంటున్నారు. ఐదు లక్షలకు కేసు వేద్దామనుకుంటున్నా. నల్లగొండలో బట్టల షాపు ఉన్న మా బావమరిది నలభై వేలకు బిల్లు రాసిస్తానంటున్నాడు. కేసు నిలుస్తుందా? ఢిల్లీకి వెళ్లి వేయాలా?"

మీరు రాసిన మూడు పేజీల్లో నేను వెతికింది ఒక్కటే: బ్యాగు చేతికొచ్చాక ఎయిర్‌లైన్స్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారా? ఎక్కడా లేదు. అన్నీ ఫోన్లే. మీ కేసు నిలిచేదీ పోయేదీ ఇక్కడే.

1972 నాటి విమాన రవాణా చట్టం మూడో షెడ్యూల్‌లో 31వ నిబంధన ఉంది. బ్యాగు ఆలస్యమైతే, అది మీకు అందిన తేదీ నుంచి 21 రోజుల్లోపు రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. ఇవ్వకపోతే, వాళ్లు మోసం చేశారని చూపిస్తే తప్ప, దావాయే చెల్లదు. ఆదివారాలూ పండుగలూ తీసేయరు, క్యాలెండర్ రోజులే లెక్క. మీకు బ్యాగు అందింది మే 14న, గడువు జూన్ 4. ఈ జవాబు మే 29న రాస్తున్నా. ఆరు రోజులున్నాయి, కాబట్టి ఇది చదివిన రోజే కూర్చొని రాయండి. ఎన్ని ఫోన్లు చేసినా అవి ఫిర్యాదు కిందకు రావు.

చక్రం సంగతి వదిలేయండి. డ్యామేజీకి గడువు ఏడు రోజులే, అది మే 21తోనే అయిపోయింది. హోటల్ రిసెప్షన్‌లో సంతకం పెట్టేటప్పుడు ఒక్కసారి బ్యాగును తిప్పి చూసి, ఆ కాగితం మీదే "చక్రం విరిగింది" అని రాసి ఉంటే సరిపోయేది. చదువుకున్నవారు, పిల్లలకు పాఠాలు చెప్పేవారు, ఇంత నిర్లక్ష్యంగా ఉంటే ఎలా? ఇంకో మాట కూడా అనాలి. పెద్దావిడ బీపీ మాత్రలు చెకిన్ బ్యాగులో పెడతారా? మా అమ్మ నల్లగొండకు బస్సెక్కినా మాత్రల డబ్బా చేతి సంచిలోనే ఉంటుంది.

ఇప్పుడు మీ దగ్గర ఏమున్నాయో చూడండి. శ్రీనగర్ ఎయిర్‌పోర్టులో బ్యాగు రాలేదని కౌంటర్‌లో చెప్పినప్పుడు ఒక కాగితం ఇచ్చి ఉంటారు, దాన్ని పీఐఆర్ అంటారు, పైన అక్షరాలూ అంకెలూ కలిసిన పది గుర్తుల నంబరు ఉంటుంది. అది ముఖ్యం. పీఐఆర్ ఉంది కదా, ఫిర్యాదు ఎందుకు అనుకోకండి. బ్యాగు రాలేదని నమోదు చేసిన కాగితం అది, నష్టం ఇంత అని అడిగిన ఫిర్యాదు కాదు. బోర్డింగ్ పాస్ వెనక అంటించిన బ్యాగేజీ ట్యాగు, హోటల్‌లో సంతకం చేసిన డెలివరీ కాగితం ఫొటో, టికెట్లు అన్నీ ఒక కవర్లో పెట్టండి. డెలివరీ కాగితం మీద 14వ తేదీ ఉంటే అది మీకు బంగారం లాంటిది, మూడు రోజుల ఆలస్యాన్ని అదే రుజువు చేస్తుంది.

ఇక మీ బావమరిది బిల్లు. దాని జోలికే వెళ్లకండి. మే 12న మీరు శ్రీనగర్‌లో ఉన్నారని మీ టికెట్టే చెబుతుంటే, అదే తేదీన నల్లగొండ షాపులో స్వెట్టర్లు కొన్నట్టు బిల్లు ఎలా చూపిస్తారు? తేదీ మార్చి రాయించినా అది దొంగ బిల్లే. అవతలి లాయరు జీఎస్టీ వివరాలు అడిగాడంటే నిమిషంలో బయటపడుతుంది. అప్పుడు నష్టపరిహారం పోవడమే కాదు, మోసం, ఫోర్జరీ కింద భారతీయ న్యాయ సంహిత 318, 336 సెక్షన్లు మీ మీదికొస్తాయి, బిల్లు రాసిచ్చిన పాపానికి మీ బావమరిదీ ఇరుక్కుంటాడు. గవర్నమెంటు ఉద్యోగి అయితే ఉద్యోగానికే ఎసరు.

నిజంగా ఖర్చు పెట్టింది రుజువు చేయండి చాలు. శ్రీనగర్‌లో కొన్న స్వెట్టర్లకు బిల్లు లేదన్నారు, కానీ ఫోన్‌పేలో కట్టామన్నారు కదా. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి, అందులో తేదీ, మొత్తం, ఎవరికి వెళ్లిందో ఉంటాయి. గుల్‌మార్గ్ వెళ్తూ తంగ్‌మార్గ్‌లో కోట్లు, బూట్లు అద్దెకు తీసుకున్నామని రాశారు, అదీ కలపండి. మందుల షాపు బిల్లు ఉంటే ముందు అదే పెట్టండి. వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి, ఫోన్ అమ్మేయకండి. వినియోగదారుల కమిషన్ ముందు ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యం పెట్టేటప్పుడు, అది అసలుదేనని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కూడా జతచేస్తే అవతలివాళ్లు వంక పెట్టలేరు.

ఐదు లక్షల ఆశ పెట్టుకోకండి. దేశీయ ప్రయాణంలో బ్యాగు పోయినా, పాడైనా, ఆలస్యమైనా మామూలుగా ఒక్కో ప్రయాణికుడికి బాధ్యత పరిమితి 20 వేల రూపాయలు. అదీ ఆ మేరకు నష్టం చూపిస్తేనే. మానసిక వేదనకు కమిషన్లు కొంత ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి, అడగండి, కానీ కేసు దాని మీద నిలబెట్టకండి.

ఢిల్లీకి పోనవసరం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరుండే జిల్లాలోనే, అంటే నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. మీరు కట్టిన టికెట్ డబ్బు ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. శ్రీనగర్‌లో దిగిన తేదీ నుంచి రెండేళ్లలోపు కేసు పడాలి. వినియోగదారుల చట్టంలో ఆలస్యానికి కారణం చెప్పి మన్నింపు అడగొచ్చు గానీ విమాన చట్టంలో రెండేళ్లు దాటితే హక్కే పోతుంది, అందుకే మన్నింపు మీద ఆధారపడకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఎయిర్‌సేవా పోర్టల్‌లోనూ పెట్టండి, కానీ ఎయిర్‌లైన్స్‌కు ఇవ్వాల్సిన రాతపూర్వక ఫిర్యాదుకు అవి బదులు కావు.

ఒక్క పేజీ చాలు. ప్రయాణ తేదీ, పీఎన్‌ఆర్, ట్యాగు నంబరు, పీఐఆర్ నంబరు, బ్యాగు అందిన తేదీ, ఖర్చుల పట్టిక, అడిగే మొత్తం రాయండి. ఏడుపులూ తిట్లూ వద్దు. ముందు ఎయిర్‌లైన్స్ ఫిర్యాదుల మెయిల్‌కు పంపి, వెంటనే వచ్చే ఆటోమేటిక్ జవాబును దాచుకోండి. రేపు పొద్దున దేవరకొండ పోస్టాఫీసులో స్పీడ్‌పోస్టు చేయండి. గడువులోపు పంపించి ఉంటే చాలని నిబంధనలోనే ఉంది, అందుకని తేదీ ముద్ర ఉన్న రసీదును పీఐఆర్ కాగితానికి పిన్ను కొట్టి పెట్టండి. నెల చూసి జవాబు రాకపోతే ఆ కవరుతో రండి, లీగల్ నోటీసు పంపిద్దాం.