ముందు ప్రశ్న, తర్వాతే గైడ్

ప్రశ్న: అరబిక్‌లో ఎంఏ చేశాను. ఒప్పందాల అనువాదంపై పీహెచ్‌డీ చేయాలనుంది. ప్రొఫెసర్ల పరిశోధన ఆసక్తులు చూస్తుంటే న్యాయశాస్త్రం, అరబిక్ సాహిత్యం, అనువర్తిత భాషాశాస్త్రం మూడూ దగ్గరగానే ఉన్నాయి. ఎవరికి రాయాలి?

జవాబు: రేపు థీసిస్‌లో దేన్ని ఆధారంగా చూపిస్తారో ముందు తేల్చుకోండి, శాఖ దాన్నిబట్టి తేలుతుంది. అంతర్జాతీయ వస్తు విక్రయాలపై 1980 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికకు ఆరు భాషల్లో ప్రామాణిక పాఠాలున్నాయి, అరబిక్ వాటిలో ఒకటి. అరబిక్, ఇంగ్లిష్ పాఠాల మధ్య తేడా వస్తే ఎలా అన్వయించాలన్నది న్యాయశాస్త్ర ప్రశ్న. దేశాల మధ్య ఒప్పందాల చట్టంపై 1969 నాటి వియన్నా ఒడంబడికలోని 33వ అధికరణం, కోర్టు తీర్పులు చదవాలి. లా డిగ్రీ లేనివాళ్లను చాలా లా విభాగాలు తీసుకోవు కాబట్టి అర్హత నిబంధనలు ముందే చూడండి. అలాంటి వాక్యాల దగ్గర అనువాదకులు ఏం చేస్తున్నారన్నది అనువర్తిత భాషాశాస్త్రం. దానికి కార్పస్ (విశ్లేషణ కోసం పోగుచేసిన పాఠాల సంకలనం) కావాలి, ఇంటర్వ్యూలుంటే ఎథిక్స్ కమిటీ అనుమతీ కావాలి. అనుమతికి ముందు సేకరించిన డేటాను సాధారణంగా వాడనివ్వరు. మధ్యయుగ అరబిక్ రచయిత అల్‌హరీరీ మఖామాల్లో (ప్రాసగద్య కథల్లో) ఖాజీ ముందు సాగే వాదనల్లాంటివి ఆకర్షిస్తే తప్ప సాహిత్య విభాగం జోలికి వెళ్లకండి.

ఇక ప్రొఫైళ్లు. ఆసక్తుల జాబితా ఉద్యోగంలో చేరినప్పుడు రాసిందే ఏళ్ల తరబడి మారకుండా ఉండొచ్చు. ఎనిమిది అంశాలుంటే, గత ఐదేళ్ల వ్యాసాల్లో వాటిలో ఏవి కనిపిస్తున్నాయో చూడండి. పేరును బట్టి వెతికితే పొరపడతారు: ఒకే అరబిక్ పేరు ఇంగ్లిష్‌లో నాలుగైదు రకాలుగా రాస్తారు, ఇద్దరి వ్యాసాలు ఒకరి ఖాతాలో కలిసిపోతాయి. పరిశోధకులకిచ్చే 16 అంకెల గుర్తింపు సంఖ్య, ఆర్కిడ్ (ORCID) నంబరు ఉంటే దాంతో వెతకండి. అరబిక్‌లో అచ్చయినవి పరిశోధన వ్యాసాల డేటాబేస్ స్కోపస్‌లో అంతగా దొరకవు, పూర్తి సీవీ తెరవాల్సిందే.

మాటలూ మోసం చేస్తాయి. ‘అరబిక్ భాషాశాస్త్రం’ అన్నచోట ఎనిమిదో శతాబ్దపు వ్యాకరణవేత్త సిబవైహి నాటి వ్యాకరణ సంప్రదాయమే ఉండొచ్చు. ‘ఇస్లామిక్ లా’ అన్నవారు ఫిఖ్ (సంప్రదాయ ఇస్లామిక్ ధర్మశాస్త్రం) పండితులైతే ఆధునిక వాణిజ్య ఒప్పందాలు వారి పని కాకపోవచ్చు. ‘అనువర్తిత’ అంటే చాలామందికి భాషాబోధనే. వారి దగ్గర పూర్తయిన థీసిస్‌ల శీర్షికలు యూనివర్సిటీ రిపాజిటరీలో (థీసిస్‌లు భద్రపరిచే ఆన్‌లైన్ భాండాగారంలో) చూస్తే ఈ సందేహాలు చాలావరకు తీరతాయి. అసలు ఆ ఆసక్తుల జాబితా కంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

మెయిల్ 200 పదాలు దాటొద్దు. మీ ప్రశ్న ఒక వాక్యంలో, మీకు అందుబాటులో ఉన్న పాఠాలేమిటి, వారి ఏ వ్యాసం దాన్ని ఎక్కడ తాకుతుంది, అంతే. ఒక పేజీ ప్రతిపాదన జతచేయండి. ఒకే విభాగంలో ఇద్దరికి ఒకేసారి పంపకండి, వాళ్లు మాట్లాడుకుంటారు. జవాబొస్తే, ఈ ఏడాది ఖాళీ ఉందా, మీ థీసిస్ పూర్తయ్యేలోగా వారి రిటైర్మెంట్ ఉందా అని అడగండి. వేరే శాఖ నుంచి కో-గైడ్ కావాలనుకుంటే రిజిస్ట్రేషన్‌కు ముందే చెప్పండి. తర్వాత చేర్చాలంటే మళ్లీ కమిటీ చుట్టూ తిరగాల్సి రావచ్చు.