స్పానిష్‌లో 500, 700, 900 పేర్లు అలా ఎందుకుంటాయి?

ఐదు సింకో అయినప్పుడు 500 సింకోసియెంతోస్ కాకుండా కినియెంతోస్ ఎందుకైంది, 70, 90, 700, 900లలో స్పెల్లింగ్ ఎందుకు మారుతుంది, ఇవన్నీ బట్టీ పట్టాల్సిందేనా అని అడిగారు. ఉద్యోగరీత్యా మెక్సికోలోని గ్వాదలహారాలో ఉంటున్నాను. నా అనుభవంలో బట్టీ పట్టాల్సింది 500 ఒక్కటే. మిగతావాటికి నియమం ఉంది.

ఏడు సియెతే. కానీ 70 సెతెంత, 700 సెతెసియెంతోస్. తొమ్మిది న్వేవే. 90 నొవెంత, 900 నొవెసియెంతోస్. సియెతేలో ఒత్తి పలికేది 'యె' దగ్గర. 70కి వచ్చేసరికి ఆ ఒత్తు 'తెంత' మీదికీ, 700కి వచ్చేసరికి 'సియెంతోస్' మీదికీ జరుగుతుంది. లాటిన్‌లో ఏడు సెప్తెం, తొమ్మిది నొవెం. వాటిలోని హ్రస్వ ఎ, ఒ ఒత్తి పలికిన చోట స్పానిష్‌లో 'యె', 'వె'గా విడిపోయాయి, ఒత్తు లేనిచోట అలాగే మిగిలాయి. ఇది అంకెలకే పరిమితం కాదు. తలుపు ప్వెర్త, తలుపు కాపలావాడు పోర్తేరో. 'చేయగలను' అంటే ప్వేదో, 'చేయగలం' అంటే పొదేమోస్. ఈ మార్పు పట్టుబడితే సగం క్రియాపదాలు కూడా భయపెట్టడం మానేస్తాయి. అందుకే దీన్ని మినహాయింపుగా నేర్పే పుస్తకాలంటే నాకు కోపం. మన తెలుగులో ఒత్తి పలికే చోటు మారితే అర్థం మారదు కాబట్టి మన చెవి దాన్ని పట్టించుకోదు. పైకి చదువుతూ నేర్చుకుంటేనే అలవాటవుతుంది.

ఇక 500. లాటిన్ క్వింగెంతి నుంచి నేరుగా వచ్చింది. 200, 300 కూడా పాత స్పానిష్‌లో దొసియెంతోస్, త్రెసియెంతోస్ అనే ఉండేవి. తర్వాతివాళ్లు దోస్ (2), త్రెస్ (3) చేర్చి వాటిని తిరగరాశారు. 500ని మాత్రం ముట్టుకోలేదు. దాని చుట్టాలు మీకు ముందే తెలుసు: 15 కిన్సే, ఐదవది కింతో. ఇక్కడ చాలామందికి జీతం పదిహేను రోజులకోసారి వస్తుంది, దాన్ని కిన్సేన అంటారు. జీతం రోజుతో ముడిపెట్టుకున్నాక కినియెంతోస్ నాకు మళ్లీ మరుపు రాలేదు.

11 నుంచి 15 దాకా (ఓన్సే, దోసే, త్రేసే, కతోర్సే, కిన్సే) లాటిన్ పేర్లే అరిగి మిగిలాయి. 16 నుంచి 'పదీ ఆరూ' అన్నట్టు దియెసిసెయిస్ మొదలవుతుంది. ఫ్రెంచి 16నీ పాత పద్ధతిలోనే ఉంచుకుంది. పన్నెండు, ఎనభై, తొంభై అనే మనకి ఇది వింతేమీ కాదు.

100 ఒక్కటే అయితే సియెన్, 101 నుంచి సియెంతో ఉనో. 200 నుంచి 900 దాకా వందల పేర్లు స్త్రీలింగ నామాల ముందు 'తాస్' అవుతాయి: 500 మంది అంటే కినియెంతాస్ పెర్సోనాస్.

వినడంలో అసలు కష్టం 60, 70ల దగ్గర: సెసెంత, సెతెంత. ఇక్కడ ఫోన్ నంబర్లు రెండేసి అంకెలుగా చెబుతారు కాబట్టి రోజూ ఎదురవుతుంది. అనుమానమొస్తే 'సియెతే, సెరో?' అని విడదీసి అడగండి. నేను ఇప్పటికీ అలాగే అడుగుతాను, ఎవరూ విసుక్కోలేదు.