సలహా ఇచ్చేవాళ్ల చేత ముందు సరుకు అమ్మించు

తమ్ముడూ,

జిల్లా పరిశ్రమల కేంద్రం అధికారులకీ, పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఆహార తయారీ యూనిట్లకి కేంద్రం సాయం చేసే పథకం) దరఖాస్తుదారులకి సలహాలిచ్చే రిసోర్స్ పర్సన్లకీ మూడు రోజుల శిక్షణ నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. పథకాల స్లైడ్లు పక్కన పెట్టెయ్. మార్గదర్శకాలు వాళ్లకి కంఠతా వచ్చు. సొంత డబ్బు పెట్టినవాడికి నిద్ర ఎందుకు పట్టదో, అదే తెలియాలి.

మొదటిపూట ఉంగరాల ఆట ఆడించు. నేలమీద మేకు, దానికి పడేలా విసరడానికి చేతిలో తాడు ఉంగరాలు; ఎంత దూరంలో నిలబడాలో వాళ్లిష్టం. ఇది అమెరికన్ మనస్తత్వవేత్త మెక్‌లెలాండ్ పరిశోధనల్లోని ఆట. 1964లో ఆయన బృందం శిక్షణకి ఎంచుకున్నది మన కాకినాడ వ్యాపారులనే. మేకు పక్కనే నిలబడి వేసేవాళ్లని ఎవరినీ నవ్వనివ్వకు. తప్పు జరిగితే మెమో, ఏమీ చేయకపోతే క్షేమం అన్నచోట పనిచేసేవాళ్లు అక్కడే నిలబడతారు. ఆ మాట వాళ్ల నోటే రానివ్వు.

రెండోరోజు నలుగురికో జట్టు, సొంత జేబులోంచి తలా 500 రూపాయలు. శాఖ డబ్బు వద్దు. ఆడిట్ గొడవ, పైగా పోయినా బాధ ఉండదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్న మహిళా సంఘంతో ముందే మాట్లాడిపెట్టు, కారం వాళ్ల దగ్గరే ఆడించి వాళ్ల పేరుమీదే అమ్మాలి. 2000 పెట్టి కిలో 200 చొప్పున 10 కిలోల ఎండుమిర్చి కొన్నారనుకో. తొడిమలు, తాలుకాయలు తీసి మళ్లీ తూకం వేయించు. 8.5 కిలోలే తేలితే, మరపట్టించకముందే కిలో 235 పడింది. 200 అని రాసిన ప్రాజెక్టు రిపోర్టు అక్కడే కూలింది. ఇక కారం పట్టుకుని కొట్టుకి వెళితే, కొట్టువాడు 'డబ్బు అమ్ముడయ్యాక ఇస్తాలెండి' అంటాడు. తిరిగొచ్చాక ఆ బాకీని బోర్డుమీద రాయించు.

సబ్సిడీ ఊసు అప్పుడు ఎత్తు. పీఎంఎఫ్‌ఎంఈలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. కానీ అది చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే ఉండి, అప్పు సక్రమంగా నడిస్తేనే ఆ అప్పులో సర్దుబాటవుతుంది. చేతికొచ్చే సొమ్మనుకుని వర్కింగ్ క్యాపిటల్ (సరుకు కొని రోజువారీ నడపడానికి కావాల్సిన సొమ్ము) కోసేస్తే, మిషన్ తిరగడానికి మిర్చి ఉండదు.

చొరవంటే నిబంధన దాటడం కాదని గట్టిగా చెప్పు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టేముందు ముగ్గురు కొనేవాళ్లతో మాట్లాడించడానికి ఏ జీవో అడ్డురాదు.

చివరి మధ్యాహ్నం పరిశ్రమల కేంద్రం జనరల్ మేనేజర్‌ని కూర్చోబెట్టు. వారంవారం అడిగే పట్టికలో 'దరఖాస్తులు' పక్కన 'మొదటి అమ్మకం తేదీ' అని ఒక గడి చేర్పించు. అందుకు ఆయన ఒప్పుకోకపోతే, సోమవారం నుంచి అందరూ మళ్లీ దరఖాస్తులే లెక్కపెడతారు. అందుకే శిక్షణ తేదీలు ఖరారు చేసేముందే ఆయన్ని కలువు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య