రాత్రి రెండింటికి లేచి మోటారు దగ్గరికి వెళ్తున్నారు.. తాగుడు మాన్పించే మాత్ర తెలియకుండా ఇవ్వొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది అనంతపురం జిల్లా నార్పల దగ్గర పల్లె. మా ఆయనకు 44 ఏళ్లు. మూడెకరాల చీనీ తోట ఉంది. పోయిన ఎండాకాలం బోరు ఎండిపోతే ఇంకో రెండు వేయించాం. ఒకదాంట్లోనే కొంచెం నీళ్లు పడ్డాయి, అప్పు మాత్రం మిగిలింది. అప్పటినుంచి మనిషి మారిపోయారు. పిల్లలు గట్టిగా నవ్వినా అరుస్తారు. రాత్రి రెండింటికి లేచి టార్చ్ పట్టుకుని మోటారు చూడ్డానికి వెళ్తారు. ఫోన్ మోగితే ఎత్తరు. వారానికోసారి తాగేవారు ఇప్పుడు రోజూ తాగుతున్నారు. అడిగితే "నాకేం టెన్షన్ లేదు, వదిలేయ్" అంటారు. గాలి సోకిందని మా అత్త తాయెత్తు కట్టించింది. తెలియకుండా అన్నంలో కలిపితే తాగుడు మాన్పించే మాత్ర ఉందట. ఇవ్వొచ్చా?
- ఒక సోదరి

జవాబు: ముందు మాత్ర సంగతి. ఇవ్వొద్దమ్మా. ఇలా కలిపి పెట్టేది ఎక్కువగా డైసల్ఫిరామ్ అనే మందు. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు మొదలై, బీపీ పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికొస్తుంది. తాగే మనిషికి చెప్పి, ఆయన ఒప్పుకున్నాక, డాక్టర్ చూస్తుండగా వాడాల్సిన మందు అది. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేసినా ప్రమాదమే. రెండు మూడు రోజుల్లో చేతుల వణుకు, చెమటలు, ఫిట్స్ కూడా రావచ్చు. కాబట్టి "ఈ రోజు నుంచి ముట్టుకోనని ఒట్టేయండి" అని కూడా పట్టుబట్టకండి.

ఆయన టెన్షన్ లేదంటున్నది అబద్ధం కాకపోవచ్చు. నా దగ్గరికొచ్చే రైతుల్లో చాలామంది మనసు బాగా లేదని చెప్పరు. కడుపులో మంట, మెడ నొప్పి, నిద్ర లేదు అంటారు. లోపలి ఒత్తిడి వాళ్లకంటే ముందు ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది, అదీ నడవడిక మారడం చూసి. మీరు రాసిన నాలుగూ అలాంటివే.

పాము కనిపిస్తే ఒంట్లో అడ్రినలిన్, కార్టిజాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, చెవులు రిక్కించుకుంటాయి. పాము వెళ్లిపోతే కాసేపటికి అంతా సర్దుకుంటుంది. అప్పు అలా వెళ్లిపోదు కదా! ఒళ్లు నెలల తరబడి అదే కాపలాలో ఉంటుంది. అందుకే పిల్లల నవ్వు కూడా ఆయనకు పెద్ద చప్పుడు. ఫోన్ ఎత్తకపోతే అప్పులవాళ్ల మాట వినే బాధ ఆ పూటకు తప్పుతుంది. ఆ ఊరట కోసమే మర్నాడూ ఎత్తరు.

ఇక రాత్రి రెండింటికి లేచే సంగతి. మందు తాగితే నిద్ర త్వరగా పడుతుంది. దాని మత్తు దిగే అర్ధరాత్రి వేళకు మెలకువ వచ్చేస్తుంది. ఆయన్ని లేపడంలో మోటారు మీది దిగులుకు ఎంత పాలుందో, సాయంత్రం తాగినదానికీ అంత పాలుంది. ఈ ముక్క ఆయనకు చెప్పండి. తాగుడు తప్పు అంటే వినని మగవాళ్లు, "నీ నిద్ర చెడగొట్టేది ఇదే" అంటే కాస్త ఆగి ఆలోచించడం చూశాను.

ఎప్పుడు మాట్లాడాలి? తాగాక వద్దు, అత్తగారి ముందు వద్దు. పొద్దున తోటలో పక్కపక్కన పని చేసుకుంటూ, "రాత్రి మళ్లీ లేచారు, నాకు భయమేస్తోంది" అనండి చాలు. "ఎందుకిలా అయిపోయారు" అని అడిగితే గొడవే. ఒక మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎప్పటికివ్వాలో కాగితం మీద రాయండి. చాలామందికి మొత్తం ఎంతో కూడా సరిగ్గా తెలియదు. రోజుకు ఒక్క ఫోన్, మీరు పక్కనుండగా, ఆయనే మాట్లాడాలి. బ్యాంకు అప్పయితే గడువు పెంచే వీలుందేమో స్వయంగా వెళ్లి అడగండి. సాయంత్రం నాలుగు దాటాక టీ, కాఫీ వద్దు. తాయెత్తు ఉండనివ్వండి, అత్తగారితో ఇప్పుడు అదొక తగువు ఎందుకు?

ఒక పని మాత్రం ఈ రోజే చేయండి. ఇంట్లో, మోటారు షెడ్డులో ఉన్న పురుగుమందు డబ్బాలు తీసి నమ్మకమైన బంధువుల ఇంట్లో తాళం వేసి పెట్టించండి. "నేను లేకపోతే మీరే బాగుంటారు" లాంటి మాటలు వచ్చినా, పొలం కాగితాలు ఎక్కడున్నాయో ఉన్నట్టుండి చెప్పినా తేలిగ్గా తీసుకోకండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

అలాంటి మాటలేమీ లేకపోయినా, ఈ నడవడిక మొదలై ఇన్ని నెలలైంది కాబట్టి డాక్టర్‌కు చూపించాల్సిందే. బీపీ, షుగర్, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. థైరాయిడ్ ఎక్కువైనా చిరాకు, నిద్రలేమి ఇలాగే ఉంటాయి. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఆ పేరు వినగానే ఆయన బస్టాండ్ నుంచే వెనక్కి తిరుగుతారేమో, నిద్ర కోసం వెళ్దామని చెప్పండి. మాత్ర కలిపి పెట్టడం లాంటి మోసం కాదిది. లోపలికి వెళ్లగానే డాక్టర్ ముందు అడిగేది నిద్ర గురించే.