బొమ్మల క్లాసు మొదలెట్టబోయే అమ్మడికి

చి॥ అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

జూన్‌లో బడులు తెరిచాక మీ వసారాలో పిల్లలకి బొమ్మల క్లాసు పెడతానని రాశావు. చాలా సంతోషం. ఏమేం కొనాలో జాబితా అడిగావు. దానికంటే ముందు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి చెబుతాను.

అన్నిటికంటే ముఖ్యం, పిల్ల గీస్తున్న కాగితం మీద నీ పెన్సిల్ ఆనకూడదు. పడవ ఒరిగిపోయింది, అమ్మమ్మ చెయ్యి కాలికంటే పొడుగైంది, దిద్దుదామని నీ చెయ్యి లాగుతుంది. ఒక్కసారి దిద్దావంటే ఆ పిల్ల ఇక తన గీతని నమ్మదు. పై వారం నుంచీ కాగితం పట్టుకుని నీ చుట్టూనే తిరుగుతుంది. చూపించక తప్పనప్పుడు పక్కన నీ కాగితం మీద గీసి చూపించు, చూపించాక దాన్ని తిరగేసి పెట్టెయ్. బొమ్మ ఇంటికెళ్లాక తల్లులు "ఇంకాస్త అందంగా వేయించచ్చు కదండీ" అంటారు. అందుకే చేర్చుకునే రోజునే చెప్పు: ఇక్కణ్ణుంచి ఇంటికొచ్చే బొమ్మలో ప్రతి గీతా మీ పిల్లదే.

ఆరేళ్లలోపు వాళ్లని ఐదారుగురికి మించి కూచోబెట్టకు, ముప్పావు గంట చాలు. ఏడు నుంచి పదేళ్ల వాళ్లు ఎనిమిది మంది దాకా గంటసేపు కుదురుగా ఉంటారు. పైవాళ్లకి గంటన్నర. ఒక్క పిల్లకే విడిగా చెప్పేటప్పుడు ఎదురుగా కూచుని చూస్తూ ఉండకు, చెయ్యి బిగుసుకుపోతుంది. పక్కన కూచుని నీ కాగితం మీద నీ పనేదో చేసుకుంటూ ఉండు. ఫీజు సంగతి నీకే తెలుసు, కాకపోతే సామాన్ల ఖర్చు అందులో కలపకుండా విడిగా తీసుకో. లేకపోతే నెలాఖరుకి మంచి కాగితం కొనడానికి చెయ్యి రాదు.

ఇక రంగుల మాట. వారానికో కొత్త సరుకు చూపిస్తే పిల్లలు మురుస్తారుగానీ ఏదీ చేతికి రాదు. ఒక్కోదాని దగ్గర కనీసం నాలుగు వారాలు ఆగు. ఏది ఎప్పుడన్నది మన డెల్టా వాతావరణం చూసుకుని పెట్టుకోవాలి. ఊళ్లో వాళ్ల సిలబస్ చూసి జూలైలో నీటిరంగులు మొదలెట్టేవు! ముసురు రోజుల్లో గాలిలో తేమకి కాగితం అసలు ఆరదు. ఆరని రంగు మీద పిల్లలు ఇంకో రంగు వేస్తారు, అంతా బురదైపోతుంది. పాపం, తప్పు తమదే అనుకుంటారు.

అందుకని జూన్, జూలైల్లో ముగ్గుతో మొదలెట్టు. వసారా గచ్చు మీద సుద్దముక్కతో 7 చుక్కలు, సందు చుక్క, 4 వచ్చేదాకా. మొత్తం 37 చుక్కలు, పిల్లల చేతే లెక్కపెట్టించు. చుక్కల మధ్య దూరం సమంగా రావడమే కంటికి మొదటి పాఠం. తర్వాత అదే ముగ్గు పిండితో, మగపిల్లల చేత కూడా. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి సన్నగా జారాలంటే చెయ్యి ఆగకుండా నడవాలి. ఆగిన చోట కుప్ప పడుతుంది. ఈ నడక పట్టుబడ్డ పిల్లకి తర్వాత బ్రష్ ఇస్తే గీత వణకదు.

ఆ వానల్లోనే అచ్చులు వేయించు. రావి ఆకు, బాదం ఆకు ఈనెలు పైకి ఉన్న వెనక వైపు పోస్టర్ రంగు స్పాంజి ముక్కతో అద్ది, కాగితం మీద బోర్లించి, పైన న్యూస్‌పేపరు పరిచి చపాతీ కర్రతో ఒక్కసారి దొర్లించాలి. రంగు ఎక్కువైతే ఈనెల సందులన్నీ పూడిపోయి ఒట్టి ముద్ర పడుతుంది. బెండకాయ అడ్డంగా కోస్తే పువ్వు వస్తుందని అందరికీ తెలుసు. అరటి డొప్ప అడ్డంగా కోసి అద్దించి చూడు, గళ్లు గళ్లుగా నెలవంక పడుతుంది. పాత బట్టలు వేసుకు రమ్మని ముందే చెప్పు, అరటి మరక బట్టకి పట్టిందంటే వదలదు. పోస్టర్ రంగు సీసాలో ఎవరినీ బ్రష్ ముంచనివ్వకు. ఐస్‌క్రీం పుల్లతో పళ్లెంలోకి తీసివ్వు. తడి బ్రష్ పడ్డ సీసా వానాకాలంలో కంపు కొట్టి బూజు పడుతుంది.

అంటించే పనికి మైదా జిగురే బాగుంటుంది. కప్పు మైదా, నాలుగు కప్పుల నీళ్లు, ఉండ కట్టకుండా కలిపి సన్నసెగ మీద చిక్కబడేదాకా తిప్పి, అరచెంచా పటిక పొడి వెయ్యి. పురుగు పట్టకుండా మైలుతుత్తం వెయ్యమని ఎవరైనా చెబితే వినకు. అది విషం, పిల్లల వేళ్లు నోట్లోకి వెళతాయి.

మట్టి పని వినాయకచవితికి ముందు పెట్టు, అప్పుడు పిల్లలకి ఉత్సాహం. మట్టి మాత్రం ఇప్పుడే, కాలవలు కట్టేసి ఉన్నప్పుడే తీయించి పెట్టుకోవాలి, నీళ్లొదిలాక దొరకదు. కాలవ అడుగున ఎండి పెంకుల్లా పైకి లేచిన ఒండ్రు మంచిది. కొంచెం తడిపి పెన్సిల్ లావు తాడులా చేసి వేలికి చుట్టి చూడు. విరక్కుండా చుట్టుకుంటే పనికొస్తుంది, పగిలితే ఇసుక ఎక్కువ. తెచ్చినదాన్ని బాగా ఎండబెట్టి, దంచి, బకెట్ నీళ్లలో ఒక రోజంతా నానబెట్టు. మర్నాడు కలియబెట్టి దోమతెర గుడ్డలో వడకడితే వేళ్లు, నత్తగుల్లలు పైన ఉండిపోతాయి. రాత్రంతా కదపకుండా ఉంచి పైన తేరిన నీళ్లు వంపేసి, అడుగు మట్టిని పాత పంచె మీద పరుచు. చేతికి అంటుకోని పదునుకి వచ్చాక, నాలుగు పాళ్ల మట్టికి ఒక పాలు జల్లించిన సన్న ఇసుక కలిపి చపాతీ పిండిలా పిసుకు. మన నల్లమట్టి ఆరేటప్పుడు బాగా కుంచించుకుపోతుంది, ఇసుక లేకపోతే బీటలు తప్పవు. పాలిథిన్ సంచిలో మూతి బిగించి పెడితే నెలలు నిలవుంటుంది. తలా అరకిలో చాలు.

పిల్లల బొమ్మల్లో చేతులు, చెవులు ఊడిపోవడం రోజూ ఉండేదే. రెండు ముక్కల్నీ నున్నగా ఉన్నవాటిని ఉన్నట్టే అతికిస్తే నిలవవు. అతికే చోట రెండు వైపులా పాత ఫోర్కుతో గాట్లు పెట్టి, గరిటెజారుగా కలిపిన మట్టి పూసి, అదిమి, అతుకు మీద వేలితో మట్టిని లాగి కలిపెయ్యాలి. బొమ్మ ఎక్కడా వేలి లావుకి మించకూడదు. ఏనుగు పొట్టలాంటివి అడుగు నుంచి చెంచాతో తొలిపించు. ఆరబెట్టడం నీడలో, మొదటి రెండు రోజులూ తడిగుడ్డ కప్పి, తర్వాత వారం రోజులు. ముసురు పడితే రెండు వారాలు. ఎండలో పెడితే సన్నగా ఉన్న చెవి ముందే ఆరి, లావు పొట్ట ఇంకా తడిగా ఉండి, మధ్యలో తెగుతుంది. కుమ్మరి ఆవంలో పెట్టించే వీలుంటే అడుగు, కానీ లోపల చెమ్మ ఉన్న బొమ్మ ఆవిరి పట్టి పేలుతుంది, పక్కవాళ్ల కుండలు కూడా పోతాయి. బాగా ఆరాకే ఇవ్వు.

నీటిరంగులు కార్తీకం దాటాక. ఇక్కడ కాగితం దగ్గర పిసినారితనం చెయ్యకు. జెరాక్సు కాగితం తడవగానే అప్పడంలా లేస్తుంది. చదరపు మీటరుకి 220 గ్రాములు, అంటే 220 జీఎస్ఎమ్‌కి తక్కువ వద్దు, పెద్ద షీటు కొని ముక్కలు చేస్తే కలిసొస్తుంది. కాగితాన్ని అట్టకి నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో అంటించి, అట్ట కింద రబ్బరు ముక్క పెట్టి కొంచెం ఏటవాలుగా ఉంచాలి. రంగు ఒకేసారి సరిపడా కలుపుకోవాలి, మధ్యలో అయిపోతే మళ్లీ అదే రంగు రాదు. పది నంబరు బ్రష్ నిండా రంగు తీసుకుని పై అంచున ఎడమ నుంచి కుడికి ఒక్క పట్టీ. దాని కింది అంచున నీటిచారలా రంగు నిలుస్తుంది చూడు, రెండో పట్టీ ఆ చారని తాకుతూ వెళ్లాలి. ఆ చార అట్లా అట్లా కిందికి దిగుతుంది. చివర్న మిగిలినదాన్ని పిండిన బ్రష్‌తో పీల్చెయ్యాలి. అంతే, ఇక ముట్టకూడదు. సగం ఆరినదాన్ని మళ్లీ తడిపితే నీళ్లు రంగుని అంచుకి తోసి మరక కడుతుంది. ఆరిందో లేదో వేలితో నొక్కి చూడకూడదు. కాగితాన్ని కంటికి ఏటవాలుగా పట్టుకుంటే తడి మెరుపు కనిపిస్తుంది. మెరుపు పోయాక చేతి వెనక భాగం ఆనిస్తే చల్లగా తగిలిందా, ఇంకా ఆరలేదన్నమాట. తలా రెండు గ్లాసుల నీళ్లు పెట్టు, ఒకటి కడగడానికి, ఒకటి కలపడానికి.

రంగుల పెట్టెలోంచి ఆకుపచ్చ తీసి దాచెయ్. మన ప్రాంతం పిల్లలు ఆకుపచ్చ కొనుక్కోవడమేమిటి! నారుమడికి లెమన్ ఎల్లోలో ప్రష్యన్ బ్లూ చీమ తలంత. కొబ్బరాకుకి అల్ట్రామెరైన్‌లో ఎల్లో ఆకర్ (మట్టి పసుపు). కోతకొచ్చిన చేనుకి ఆకుపచ్చే అక్కర్లేదు. గోదారికి నీలం వేస్తే కొట్టెయ్యకు, వరద రోజున గట్టు మీదికి తీసుకెళ్లి దూరంగా నిలబెట్టి చూపించు. ఎర్రనీరు చూసి వాళ్లే బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు) అడుగుతారు.

వీలైనప్పుడు పెద్దపిల్లల్ని రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లు. 1897లో పుట్టి 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయిన మనిషి అంత పని చేశాడని పిల్లలు తెలుసుకోవాలి. అన్నీ చూపించకు. తలా ఒక్క బొమ్మ ఎంచుకుని దాని ముందు పది నిమిషాలు ఫోను తీయకుండా నిలబడమను.

ఆయిల్ పాస్టెల్స్ ఎండాకాలానికి ఉంచావంటే కిటికీ దగ్గర పెట్టకు, మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. వేసిన బొమ్మల మధ్య బటర్ పేపర్ పెట్టు. కాగితాలన్నీ నేల మీద కాకుండా బీరువాలో పై అరలో ఉంచు, గోడకి ఆనించకు, చెమ్మ లాగుతాయి.

మొదటి రోజు ప్రతి పిల్ల చేతా మీ పెరట్లో కొబ్బరిచెట్టు గీయించు, ఏమీ చెప్పకుండా. కర్ర మీద నక్షత్రం పెట్టినట్టు వేస్తారు, వెయ్యనీ. వెనక పెన్సిల్‌తో పేరు, తేదీ రాసి దాచు. ఆరు నెలలయ్యాక అదే చెట్టు కింద కూచోబెట్టి మళ్లీ గీయించు. మాను మీది గాట్లు, కాలవ వైపు ఒరిగిన వంపు, వాలిన ఎండు మట్ట కనిపించడం మొదలవుతుంది. మా పిల్ల ఏం నేర్చుకుందండీ అని తల్లులు అడిగినప్పుడు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టు.

మట్టి తీయించే సంగతి ఈ వారమే చూడు.

మీ పెద్దమ్మ