తెల్లవారుజామున నాలుగున్నరకి

మీ తమ్ముడు రాష్ట్ర స్థాయిలో కబడ్డీ ఆడేవాడని, మోకాల్లోని ఏసీఎల్ లిగమెంట్ తెగాక డాక్టర్లు ఇక ఆడొద్దన్నారని, అప్పట్నుంచీ గదిలోంచి బయటికి రావట్లేదని రాశారు. నేనూ రైడర్‌నేనండి. ఇరవయ్యేళ్లప్పుడు బోనస్ గీత దాటి వెనక్కి తిరుగుతుంటే కార్నర్‌లో ఉన్నతను మడమ పట్టేశాడు. పాదం అక్కడే ఉండిపోయింది, ఒళ్లు తిరిగింది. లోపల టక్కుమంది. ఆపరేషన్, తొమ్మిది నెలల ఫిజియోథెరపీ. మళ్లీ దిగిన రెండో నెలలోనే మళ్లీ తెగింది.

అందరూ బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ గారి పేరే చెప్పేవారు. 1994లో ఆయన మోకాలి లిగమెంట్ తెగింది, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. నిజమే, కానీ నా మోకాలు కుదురుకోలేదు. ఆ మాట విన్నప్పుడల్లా నా పట్టుదలే చాల్లేదేమోనని కుమిలిపోయేవాణ్ని. దయచేసి వాడి దగ్గర ఆ ఉదాహరణ ఎత్తకండి.

పగలు ఎలాగో గడిచిపోతుంది. ఏళ్ల తరబడి నాలుగున్నరకి గ్రౌండ్‌కి వెళ్లిన ఒళ్లు, ఆట పోయినా నాలుగున్నరకే లేస్తుంది. చీకట్లో ఫ్యాన్ చూస్తూ పడుకునే ఆ గంటన్నరే నన్ను తినేసింది. అమ్మ కనిపెట్టింది. ఏమీ అడక్కుండా తనూ ఆ టైమ్‌కే లేచి టీ ఇచ్చి, "పాలు తీసుకురా నాన్నా" అని క్యాన్ చేతిలో పెట్టేది. పాలకేంద్రానికి గ్రౌండ్ పక్కనుంచే దారి. మొదట్లో తల వంచుకుని వెళ్లిపోయేవాణ్ని. ఒకరోజు కూతకి వెళ్లే కుర్రాడొకడు కదిలే ముందు ప్రతిసారీ కుడి భుజం కాస్త దించడం కంటపడింది. ఎటు వెళ్తాడో అవతలివాళ్లకి ముందే తెలిసిపోతోంది. ఆగి చెప్పాను. ఆ రోజు పాలు ఏడింటికి వచ్చాయి, అమ్మ ఏమీ అనలేదు.

తర్వాత వ్యాయామ విద్య కోర్సుల ప్రవేశ పరీక్ష పీఈసెట్ రాసి, రెండేళ్ల బీపీఈడీ చేశాను. ఇప్పుడు ఓ స్కూల్లో పీఈటీని, అంటే ఆటల మాస్టారిని. పీఈసెట్‌లో పరుగు కూడా ఉంటుంది, అందుకే ఆట మానినా ఫిజియో మాననివ్వకండి. తొడ కండ బలంగా లేకపోతే మెట్లు దిగేటప్పుడు కూడా కాలు జారినట్టవుతుంది. వాడి బూట్లు, జెర్సీ దాచేయకండి. చావు మాట ఎత్తితే మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

వాడు ఎన్నింటికి లేస్తున్నాడో రేపు ఒక్కసారి చూడండి. ఆ టైమ్‌కి మీరూ లేవండి.