కుట్టు విప్పొచ్చు, బెజ్జం విప్పలేం

ప్రశ్న: నాటకం కోసం యోధుడి డ్రెస్ ఒకటి కుట్టానండి, బ్రౌన్ లెదర్‌తో చేతుల్లేని కోటు లాంటిది. ఛాతీ మీద, మెడ చుట్టూ క్రీమ్ కలర్ దారంతో చేత్తోనే డిజైన్ కుట్టు వేశాను. తిన్నగా ఉన్నచోట పర్లేదు గానీ మెడ వంపు దగ్గర ఒక కుట్టు పెద్దది, ఒకటి చిన్నది, కొన్ని వదులు, ఒకచోటైతే లైనే పాములా పక్కకి పోయింది. ఇవి అందానికి వేసినవే, ముక్కల్ని కలిపే కుట్లు కావు. మొత్తం విప్పేసి మళ్ళీ కుట్టేయనా?

జవాబు: ఆగండి, ముందు ఆ కత్తెర పక్కన పెట్టండి. బట్టయితే విప్పేసి కాస్త తడిపి ఇస్త్రీ చేస్తే పోగులు మళ్ళీ దగ్గరికి జరిగి సూది గుర్తు పోతుంది, తోలులో జరగడానికి పోగులే లేవు కదా, సూది దిగినచోట పడ్డ బెజ్జం ఇక అలా ఉండిపోతుంది. మీరు విప్పి పక్కనే ఇంకో లైన్ వేశారనుకోండి, పాత బెజ్జాలూ కొత్త బెజ్జాలూ రెండు వరసలుగా కనబడతాయి, పైగా మరీ దగ్గర దగ్గరగా పడితే స్టాంపుల షీటు చించినట్టు ఆ గీత వెంబడే చిరుగుతుంది.

అందుకని కోటు ఎవరికైనా తొడిగించి పది అడుగులు వెనక్కి వెళ్ళి చూడండి. చేతిలో పట్టుకుని చూస్తే కనబడే తప్పుల్లో సగం అక్కణ్ణుంచి కనబడవు, స్టేజి మీదికైతే వాటిని వదిలేయడమే మంచిది. మిగిలినవి ఏ రకమో చూసుకోండి.

వదులు, బిగువు తేడానే అయితే బెజ్జాలు బానే ఉన్నట్టు, దారం మారిస్తే చాలు. వెనకవైపు మూడు నాలుగు కుట్లకోసారి చిన్న కత్తెరతో దారం తెంచి ట్వీజర్‌తో లాగేయండి. కుట్లు విప్పే పదునైన పరికరం సీమ్ రిప్పర్ వద్దు, అది ఒక్కసారి జారిందంటే తోలు మీద గీత పడుతుంది, ఆ గీత ముందు మీ వంకర కుట్టే నయం అనిపిస్తుంది. పాతదానికన్నా కొంచెం లావు దారం తీసుకోండి, సాగిన బెజ్జాలు నిండుతాయి. దానికి మైనం పట్టించండి. కుట్టే లైన్ పొడవుకి నాలుగు రెట్లు దారం కత్తిరించి రెండు చివర్లా మొన మొద్దుగా ఉన్న సూదులు ఎక్కించండి, పదునైనవైతే పాత బెజ్జం పక్కనే కొత్తది పొడిచేస్తాయి. ఒక్కో బెజ్జంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దాటాలి, అన్నిట్లోనూ ఒకే వైపు సూది ముందు వెళ్ళాలి. మధ్యలో వరస మారితే ఆ ఒక్క కుట్టు వేరేవైపు వాలి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రెండు చేతులతో ఒకే బలంతో లాగండి, తోలు ముడత పడేదాకా మాత్రం కాదు.

కుట్లు చిన్నా పెద్దా అయిపోతే నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది, అసలు విప్పనక్కర్లేదు. ఇంకో రంగు దారం తీసుకుని తోలుని పొడవకుండా ఉన్న కుట్ల కింద నుంచి ఒకే వైపుగా దూర్చుకుంటూ పోండి, తాడు పేనినట్టు మెలికలుగా వస్తుంది. కన్ను ఆ మెలికని చూస్తుంది గానీ కుట్టు కుట్టుకీ మధ్య ఎంత దూరముందో కొలవదు. క్రీమ్ మీద ముదురు ఎరుపు వేసి చూడండి.

లైనే పక్కకి పోయినచోట దారంతో ఏమీ కాదు, కప్పేయడమే. అదే తోలుతో సెంటీమీటరు వెడల్పు పట్టీ కోసి మీద కుట్టండి, మెడకి రెండోవైపూ అలాగే వేయండి, లేకపోతే అతుకు అని తెలిసిపోతుంది. ఈసారి ముందే వంపుని పేపర్ మీద కత్తిరించుకుని, దాని అంచు వెంబడి ఫోర్కు పళ్ళతో మెల్లగా నొక్కి గుర్తులు పెట్టుకోండి, మొదటి పన్ను ఎప్పుడూ వెనకటి గుర్తులోనే ఉంచితే దూరం తేడా రాదు. సూదితో గుచ్చేది ఆ తర్వాతే.

ప్రశ్న: కోటు సరే, దాని మీదికి కుట్టిన బెల్టుని మాత్రం నేను మీకు రాయకముందే విప్పేశానండి! ఇప్పుడు బెల్టు మీద ఖాళీ బెజ్జాలు వరసగా కనబడుతున్నాయి, ఏం చేయాలి?

జవాబు: అయ్యో. సరే, వెనకవైపు నుంచి చెంచా వీపుతో గట్టిగా రుద్దండి, పైకి లేచిన అంచులు అణుగుతాయి. చెట్ల బెరడు రసాలతో పదును చేసిన గట్టి తోలైతే రుద్దే ముందు కాస్త తడి చేయండి, కొంచెం దగ్గరపడుతుంది, జాకెట్లకి వాడే మెత్తటి తోలు తడికి అంతగా లొంగదు. తర్వాత అదే రంగు షూ పాలిష్ మైనం బెజ్జాల్లోకి వేలితో అద్ది గుడ్డతో తుడిచేయండి. ముందు లోపలివైపు ఒక మూల వేసి రంగు సరిపోయిందో లేదో చూసుకోండి. నూగులా ఉండే స్వీడ్ అయితే మాత్రం మైనం జోలికి పోవద్దు, మరక పడితే ఇక పోదు, దానికి బ్రష్‌తో నూగు పైకి లేపితే చాలు, బెజ్జాలు చాలావరకు దాని కిందే దాక్కుంటాయి.